రాజ్యసభలో ఒక దినం: మూజువాణి, హామీ, శాసనం (2014 ఫిబ్రవరి 20 ఆధారంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం:

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును రాజ్యసభ 2014 ఫిబ్రవరి 20న మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఆ రోజు సభలో వినిపించిన మాటలలో కొన్ని శాసనమయ్యాయి. కొన్ని హామీలుగానే మిగిలాయి. ఈ రెండింటికీ గల భేదాన్ని ‘మూజువాణి’ అనే పదం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాజ్యసభ, మూజువాణి, హామీ, పునర్వ్యవస్థీకరణ చట్టం, పాలనా పరిభాష.

1. ఉపోద్ఘాతం:

శంషాబాదు విమానాశ్రయానికి చేరువనున్న మామిడిపల్లి పరిసరాలలో తెలుగు బోధించే వారి తరగతి గదిలో రెండు రాష్ట్రాల విద్యార్థులూ కనిపిస్తారు. 2014 నాటికి వారు చిన్నపిల్లలు. పత్రికాభాషను గురించిన పాఠంలో ‘మూజువాణి ఓటు’ అన్న మాట వచ్చినపుడు వారినుండి సహజంగా వచ్చే ప్రశ్న ఒకటుంది: “ఓట్లు లెక్కించకుండానే బిల్లు నెగ్గిందని ఎలా చెబుతారు?” ఈ ప్రశ్నకు సమాధానం సభానియమాలలో కొంత, పద చరిత్రలో కొంత లభిస్తుంది.

2. సభ - దినచర్య:

రాజ్యాంగం 80వ అధికరణం ప్రకారం రాజ్యసభ సభ్యుల గరిష్ఠ సంఖ్య 250. వీరిలో 12 మందిని రాష్ట్రపతి నామనిర్దేశం చేస్తారు. ఈ సభ రద్దు కాదు. ప్రతి రెండేళ్లకు మూడోవంతు సభ్యులు విరమిస్తారు. ఉపరాష్ట్రపతి హోదారీత్యా సభాధ్యక్షులు.

సాధారణ దినాలలో సభ ఉదయం 11 గంటలకు ప్రారంభమవుతుంది. పత్రాలను సభ ముందుంచడం, ప్రశ్నోత్తరాల సమయం, అత్యవసర ప్రజాసమస్యలను లేవనెత్తే శూన్యకాలం, ఆపై శాసన నిర్మాణం ప్రధాన ఘట్టాలు. ఒకప్పుడు ప్రశ్నోత్తరాలతోనే దినం మొదలయ్యేది. 2014 నవంబరు నుండి ప్రశ్నోత్తరాలను మధ్యాహ్నం 12 గంటలకు మార్చారు.

బిల్లు విషయంలో మొదట దానిని పరిశీలనకు స్వీకరించాలన్న ప్రతిపాదన వస్తుంది. తరువాత నిబంధనల వారీగా చర్చ, సవరణలపై నిర్ణయం, చివరగా బిల్లును ఆమోదించాలన్న ప్రతిపాదన ఉంటాయి. ప్రతి దశలోనూ అధ్యక్షస్థానం సభ అభిప్రాయాన్ని అడుగుతుంది. అనుకూలురు ‘అవును’ అని, ప్రతికూలురు ‘కాదు’ అని గొంతెత్తి పలుకుతారు. ఏ పక్షం అధికమో అధ్యక్షస్థానంలో ఉన్నవారు ప్రకటిస్తారు. ఆ ప్రకటనను సభ్యులు సవాలు చేస్తే ఓట్ల విభజనకు అవకాశం ఉంది. కాబట్టి మూజువాణి లెక్కింపు కాదు. వినికిడిపై ఆధారపడిన నిర్ణయం.

3. ‘మూజువాణి’ పద విచారం:

ఈ పదం చివర ‘వాణి’ ఉండటం వలన దీనిని సంస్కృతభవమని భ్రమపడేవారున్నారు. నిజానికిది ఉర్దూ నుండి వచ్చిన మాట. ‘ముంహ్’ అనగా నోరు. ‘జబానీ’ అనగా నాలుకతో చెప్పినది. ‘మూజుబాని’ అన్న రూపం తెలుగు నోట ‘మూజువాణి’గా మారి, పరిచితమైన సంస్కృత పదం పోలికను సంతరించుకొంది. దీని మూలార్థం ‘నోటిమాటగా’ అని, అంటే రాతపూర్వకం కానిదని. ఈ మూలార్థం నాటి సభను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

4. 2014 ఫిబ్రవరి 20:

రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర విభజన బిల్లును రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయానికి పంపాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరి 30న బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. అయితే ఆ అభిప్రాయానికి పార్లమెంటు బద్ధురాలు కాదని సుప్రీంకోర్టు బాబూలాల్ పరాతే కేసులోనే స్పష్టం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. ఈ మూడు సందర్భాలలోనూ నిర్ణయించింది మూజువాణియే.

ఆ రోజు రాజ్యసభలో తీవ్రమైన గందరగోళం మధ్య ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగ్ ఆరు అంశాల ప్రకటన చేశారు. పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు కేంద్రసాయం నిమిత్తం అయిదేళ్ల ప్రత్యేక హోదా, రాయలసీమ, ఉత్తరాంధ్రలకు అభివృద్ధి ప్యాకేజీ, పోలవరం పునరావాసానికి అవసరమైతే మరిన్ని సవరణలు, తొలి ఏడాది వనరుల లోటు భర్తీ మొదలైనవి అందులో ఉన్నాయి.

5. నోటిమాట - రాతమాట:

బిల్లు 2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొందింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది. దశాబ్దాల ఆకాంక్ష శాసనరూపం దాల్చింది. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించే 90వ సెక్షను చట్టంలోనే ఉంది. పోలవరం సవరణ హామీ కూడా 2014 జూలైలో సవరణ చట్టంగా రాతకెక్కింది. దాని ఫలితంగా పూర్వపు ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి.

ప్రత్యేక హోదా మాత్రం చట్టంలో చేరలేదు. 2016 సెప్టెంబరులో కేంద్రం దానికి బదులుగా ప్రత్యేక సహాయాన్ని ప్రకటించింది. చట్టంలోని నిబంధనను అమలుచేయమని న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. సభలో ఇచ్చిన హామీకి ప్రధానంగా సభకే జవాబుదారీ. మంత్రుల హామీలను అనుసరించి చూసేందుకు రాజ్యసభలో 1972 నుండి ప్రభుత్వ హామీల సంఘం ఉంది. అది నివేదించగలదు, ప్రశ్నించగలదు. హామీని శాసనంగా మార్చలేదు.

గమనించదగినది మరొకటుంది. బిల్లు కూడా నోటిమాటతోనే నెగ్గింది. హామీ కూడా నోటిమాటగానే వెలువడింది. అయితే మొదటి నోటిమాట వెనుక లిఖిత పాఠం ఉంది, ‘అవును’ అన్నది ఆ పాఠానికి. రెండవదాని వెనుక అటువంటి శాసన పాఠం లేదు. రెండూ సభ కార్యకలాపాల నివేదికలో అక్షరాలుగా నమోదయ్యాయి. కాని నమోదు కావడం వేరు, శాసనం కావడం వేరు.

6. ముగింపు:

‘ప్రకటించారు’, ‘హామీ ఇచ్చారు’, ‘ఆమోదించారు’, ‘చట్టం చేశారు’ అన్న క్రియలను వార్తలలోను, పాఠాలలోను పర్యాయపదాలుగా వాడటం పరిపాటి అయింది. ఈ నాలుగింటి చట్టబలం ఒకటి కాదు. వాటి భేదాన్ని విద్యార్థికి తెలియజెప్పడం పాలనాభాషను బోధించేవారి బాధ్యత. రెండు రాష్ట్రాల ప్రజలు తమకు లభించినదేమిటో, లభించనిదేమిటో పోల్చుకోవడానికి ఆ భేదం ఎరుగుట అవసరం. పాలనా పరిభాషపై పరిశోధన చేసేవారు పదకోశాలతోపాటు రాజ్యసభ కార్యకలాపాల నివేదికలను కూడా భాషాసామగ్రిగా స్వీకరిస్తే ఈ దిశలో మరింత కృషి జరుగుతుంది.