ప్రయోగశాల జంతువులు – తెలుగు మాట: కోవిడ్ అనంతర పరిశీలన

వ్యాససంగ్రహం:
కోవిడ్ టీకాల రూపకల్పనలో ప్రయోగశాల జంతువుల పాత్ర కీలకమైనది. ఆ జంతువుల సంక్షేమాన్ని నిర్ణయించే సంఘాలలో శాస్త్రవేత్త కాని పౌరునికి కూడా మన దేశపు నిబంధనలు చోటిచ్చాయి. ఆ పౌరుడు మాట్లాడడానికి కావలసిన తెలుగు ఏ స్థితిలో ఉందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రయోగశాల జంతువులు, కోవాగ్జిన్, జంతు నైతిక సంఘం, మూగజీవి, బలి, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కలిసి రూపొందించిన కోవాగ్జిన్ టీకా మనుషులకంటే ముందు అనేక జంతువుల దేహాల గుండా ప్రయాణించింది. చిట్టెలుకలు, ఎలుకలు, కుందేళ్ళలో దాని భద్రతనూ రోగనిరోధక స్పందననూ పరీక్షించారు. సిరియన్ హామ్‌స్టర్లకు, రీసస్ కోతులకు టీకా ఇచ్చి, ఆ తర్వాత వైరస్‌ను ఎక్కించి చూశారు. సాధారణ చిట్టెలుక ఈ చివరి పరీక్షకు పనికిరాదు. తొలినాటి కరోనా వైరస్ కణంలోకి ప్రవేశించే ద్వారం, అంటే ఏసీఈ2 గ్రాహకం, చిట్టెలుకలో ఆ వైరస్‌కు అతకదు. హామ్‌స్టర్‌లో సహజంగానే అతుకుతుంది. ఏ జంతువును ఎంచుకోవాలన్నది ఇలాంటి సూక్ష్మమైన పోలికలపై ఆధారపడి ఉంటుంది.

కోతుల ప్రయోగంలో 20 రీసస్ కోతులను అయిదేసి చొప్పున నాలుగు గుంపులు చేశారు. రెండు వారాల ఎడంతో రెండు మోతాదులిచ్చి, మరో రెండు వారాలకు వైరస్‌ను ఎక్కించారు. ఫలితాలు 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడ్డాయి. టీకా పొందిన కోతుల ఊపిరితిత్తుల కణజాలంలో న్యుమోనియా ఛాయలు కనిపించలేదని అందులో నమోదైంది. ఊపిరితిత్తుల కణజాలాన్ని అలా పరిశీలించాలంటే ఏం చేయవలసి ఉంటుందో ఆ వాక్యం చెప్పదు, చదువరి ఊహించుకోవాలి.

ఆ కోతులు ప్రయోగశాలలో పుట్టినవి కావు. భారత వైద్య పరిశోధన మండలి అప్పటి అధిపతి బలరాం భార్గవ తన 'గోయింగ్ వైరల్' గ్రంథంలో, మహారాష్ట్ర అటవీశాఖ సాయంతో నాగపూర్ ప్రాంతంలో వాటిని వెతికి పట్టుకున్న ఉదంతాన్ని వివరించారు. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు తండా నుంచి వచ్చే ఒక విద్యార్థి, "మా మక్కచేన్లు ఆగం చేసే కోతులను గూడ పట్కపొమ్మనుండ్రి సార్" అన్నాడు. అందరూ నవ్వారు. గుడి దగ్గర దణ్ణం పెట్టేదీ, చేనులో తరిమేదీ, టీకాకు ముందు నిలబెట్టేదీ ఒకే జీవి అని ఆ నవ్వు తర్వాత గాని స్ఫురించలేదు, నాకు కూడా.

2. 'గినీపిగ్' అనే మాట:
తెలుగు పాఠకునికి ప్రయోగశాల జంతువు ఎక్కువగా రూపకంగానే పరిచయం. "మమ్మల్ని గినీపిగ్‌లను చేశారు" అనే ఫిర్యాదులో గినీపిగ్ అసలు కనిపించదు. అన్యాయానికి గురైన మనిషి మాత్రమే కనిపిస్తాడు. మా ప్రాంతంలో ఈ రూపకానికి ఒక చరిత్ర ఉంది. మరిపెడ నుంచి ఖమ్మం వైపు వెళ్తే వచ్చేది తిరుమలాయపాలెం మండలం. 2009లో అక్కడా, భద్రాచలం, కొత్తగూడెం మండలాలలోనూ 10–14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా ఇచ్చారు. పలుచోట్ల తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు చేసినట్లు తర్వాతి విచారణలో తేలింది. 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ వివాదానికి కేంద్రం అంగీకారం: ఎవరి తరఫున ఎవరు ఒప్పుకున్నారన్న ప్రశ్న. జంతువు విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది, ఎందుకంటే ఇక్కడ సంతకం ఎప్పుడూ మరొకరిదే.

3. బలి, వధ, కారుణ్యం:
ప్రయోగం ముగిశాక జంతువును చంపడాన్ని పరిశోధన పత్రాలు చాలాకాలం 'శాక్రిఫైస్' అన్నాయి. దానిని 'బలి' అని అనువదిస్తే తెలుగులో అర్థం మారిపోతుంది. పోచమ్మకో ఎల్లమ్మకో ఇచ్చే యాట ఇంటివాళ్ళు మొక్కుకున్నది, తరచుగా వాళ్ళు పెంచుకున్నది. మీద నీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలించేదాకా ఆగుతారు. ఆ విదిలింపునే అంగీకారంగా భావిస్తారు. ఆ భావనతో ఏకీభవించకపోవచ్చు, నేనూ ఏకీభవించను. కాని అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని ఆ ఆచారం గుర్తించింది. 'మహమ్మారి' అనే మాటలోనే మారి ఉంది, వ్యాధి వచ్చినప్పుడు బలి కోరే దేవత. ఇంత బరువున్న పదాన్ని ప్రయోగశాల నివేదికలో వాడితే, చంపినవారికి దక్కని పవిత్రతను వారికి అంటగట్టినట్లవుతుంది.

'కారుణ్య మరణం' అన్నదీ సరిపోదు. అది బాధ భరించలేని రోగి విషయంలో స్థిరపడిన మాట. ఆరోగ్యంగా ఉన్న ఎలుకను కణజాలం కోసం చంపడం కారుణ్యం కాదు. 'నొప్పి తెలియకుండా చంపడం' అని చెప్పడమే నిజాయితీ అని నా అభిప్రాయం. పారిభాషిక పదం ఎప్పుడూ సమాసంగానే ఉండాలన్న నియమం లేదు.

4. 'మూగజీవి' ఎంత మూగది?
జంతువు పట్ల జాలి కలిగినప్పుడు తెలుగువారు సహజంగా వాడే మాట 'మూగజీవి'. ప్రయోగశాల జంతుశాస్త్రం ఈ మాటను సవాలు చేస్తోంది. భయంలో, బాధలో ఉన్న ఎలుక సుమారు 22 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో అరుస్తుంది. మనిషి చెవి గ్రహించగలిగేది దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకే. ఆటలో, ఇష్టమైన స్పర్శలో అది చేసే ధ్వనులు 50 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. అంటే పంజరాల గదిలో నిశ్శబ్దం ఉన్నట్లు మనకు తోస్తుంది గాని, అక్కడ నిశ్శబ్దం ఉండకపోవచ్చు. ఎలుక మూగది కాదు, దాని విషయంలో మనం చెవిటివారం.

ముఖం కూడా మాట్లాడుతుంది. నొప్పిలో ఉన్న చిట్టెలుక కళ్ళు చికిలించుకుంటుంది; ముక్కు, బుగ్గలు ఉబ్బుతాయి; చెవులు, మీసాల స్థితి మారుతుంది. ఈ గుర్తులకు అంకెలిచ్చి కొలిచే పద్ధతిని కెనడా పరిశోధకులు 2010లో ప్రకటించారు. నొప్పి నివారిణి ఎప్పుడు ఇవ్వాలో, ప్రయోగాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించడానికి ఇలాంటి గుర్తులే ఆధారం.

1959లో రసెల్, బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలలో మూడవదైన 'రిఫైన్‌మెంట్' అంటే ఇదే: బాధను తగ్గించేలా పద్ధతిని మార్చుకోవడం. దానిని 'శుద్ధీకరణ' అంటే నూనెశుద్ధి గుర్తొస్తుంది. 'బాధ తగ్గింపు' అనడం మేలు. మొదటి రెండింటికి 'ప్రత్యామ్నాయం', 'సంఖ్య తగ్గింపు' సరిపోతాయి. ప్రయోగానంతర పునరావాసాన్ని భారతీయ మార్గదర్శకాలు నాలుగవ సూత్రంగా చేర్చాయి.

5. ఎనిమిదవ కుర్చీ:
1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రయోగాలను నిషేధించలేదు. వాటిపై పర్యవేక్షణకు కేంద్ర సంఘాన్ని ఏర్పరచే అవకాశం కల్పించింది, వీలైనచోట ప్రయోగాలను పరిహరించాలన్నది. 1998 నాటి నియమాల కింద పనిచేసే సంస్థాగత జంతు నైతిక సంఘంలో ఎనిమిదిమంది ఉంటారు. శాస్త్రవేత్తలు, పశువైద్యుడు, కేంద్ర సంఘపు ప్రతినిధి పోగా, ఒకరు శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ గల వ్యక్తి. ఎలుకలు, కుందేళ్ళ వంటి చిన్న జంతువులపై ప్రయోగాలకు ఈ సంఘమే అనుమతిస్తుంది. కోతులు, కుక్కల విషయం కేంద్ర సంఘానికి వెళ్తుంది.

ఆ ఒక్క కుర్చీ ఒక తెలుగు అధ్యాపకునిదీ కావచ్చు, రైతుదీ కావచ్చు. అతడు గణాంకశాస్త్రం నేర్వనవసరం లేదు. ఇరవై ఎందుకు, పన్నెండు చాలవా? నొప్పి పుట్టిందని ఎలా తెలుస్తుంది? ఆదివారం రాత్రి ఎవరు చూస్తారు? కణాలపైనో కంప్యూటరుపైనో చేయడానికి వీలులేదా? ఈ ప్రశ్నలు అడిగితే చాలు. చివరి ప్రశ్నకు మహమ్మారి తర్వాత బలం పెరిగింది. అమెరికా 2022 డిసెంబరులో, భారతదేశం 2023 మార్చిలో కొత్త మందుల పరీక్షలో జంతుయేతర పద్ధతులకు చట్టపరంగా దారి తెరిచాయి. అదే సమయంలో జీనోమ్ వ్యాలీలో వైద్య పరిశోధన మండలి జాతీయ జంతు వనరుల కేంద్రం కూడా మొదలైంది. నాగపూర్ అడవుల్లో వెతుకులాట మళ్ళీ రాకూడదన్న ఆలోచనకు అది సరిపోతుంది గాని, ఈ రెండు దారులూ ఒకే వైపుకు పోతున్నాయని చెప్పలేం.

హైదరాబాదుకు ఈ శాస్త్రం కొత్తది కాదు. 1957లో బొంబాయిలో మొదలైన ప్రయోగశాల జంతు సమాచార సేవ 1976లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు తరలివచ్చింది, 1998లో జాతీయ కేంద్రమయింది. ఇన్నేళ్ళుగా ఇక్కడ పంజరాలు కడిగి, మేత పెట్టి, జంతువు తేడాను ముందుగా పసిగట్టే సహాయకుల రోజువారీ మాటల్లో తెలుగుకు పెద్ద పాలే ఉండాలి. 2020 లాక్‌డౌన్‌లో అమెరికాలోని పలు విశ్వవిద్యాలయాలు సంరక్షకులు రాలేరన్న భయంతో వేల చిట్టెలుకలను చంపవలసి వచ్చింది. ఈ పనిలో మనిషి చేయి ఎంత అవసరమో అప్పుడు ప్రపంచానికి తెలిసింది.

ఆ సహాయకుల మాటలు నమోదు కావాలి. వాటికి తోబుట్టువుల్లాంటి మాటలు మా గొర్రెల కాపరుల దగ్గర ఇప్పటికే ఉన్నాయి: ముడుచుకొని నిలబడ్డది, బొచ్చు నిక్కపొడుచుకుంది, మేత ముట్టలేదు, మంద నుంచి ఎడమైంది. ప్రయోగశాల పత్రాలు నొప్పికి గుర్తులుగా రాసుకునేవీ ఇవే. మామునూరు పశువైద్య కళాశాల మరిపెడకు దూరమేమీ కాదు. తెలుగు శాఖ, పశువైద్య శాఖ కలిసి కూర్చుంటే ఈ పదాల పట్టిక మొదటి పుట నిండడానికి ఒక మధ్యాహ్నం చాలు.