మూసీ ఒడ్డు నుంచి ఫణిగిరికి

బౌద్ధ క్షేత్రాలంటే మనవాళ్లు సాంచికో అజంతాకో టికెట్లు చూసుకుంటారు. నయాపూల్ కింద పారే మూసీ వెంటే ఆ చరిత్ర ఉందని చెబితే ఆశ్చర్యపోతారు. చైతన్యపురిలో, మూసీ దక్షిణపు ఒడ్డున, నరసింహస్వామి గుడి దగ్గరి బండ మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. అయిదో శతాబ్దం నాటిది. గోవిందరాజ విహారం పేరు, అక్కడి భిక్షువుల ప్రస్తావన అందులో కనిపిస్తాయి. హైదరాబాద్‌లో దొరికిన శాసనాల్లో అదే పాతది. చార్మినార్ కట్టడానికి వెయ్యేళ్ల ముందే ఈ నది ఒడ్డున బౌద్ధ భిక్షువులు ఉన్నారన్నమాట.

ఈ సంగతి తెలిసిన రిటైర్డ్ సోషల్ టీచరు ఒకాయన పాతబస్తీ, అఫ్జల్‌గంజ్ వాళ్లను కూడగట్టి ఫణిగిరి యాత్ర పెట్టారు. ఇద్దరు నర్సులు, పత్తర్‌గట్టీలో దుకాణం నడిపే ఆయన, ఆయన భార్య, కొందరు డిగ్రీ పిల్లలు. వాళ్లతో నేనూ వెళ్లాను. బస్సు ఆదివారం. కానీ సారు అందరినీ శనివారమే సాలార్‌జంగ్ మ్యూజియానికి రమ్మన్నారు. అక్కడ నేలకొండపల్లి నుంచి వచ్చిన, నిలబడి ఉన్న బుద్ధ విగ్రహం ముందు చాలాసేపు ఆపారు. మూడో శతాబ్దపు సున్నపురాయి. ‘‘వస్త్రం మడతలు చూడండమ్మా. రేపు కొండ మీద ఇవేవీ ఉండవు. ఇక్కడ చూసింది అక్కడ గుర్తు తెచ్చుకోవాలి’’ అన్నారు. ఆ మాట ఎంత నిజమో మర్నాడు అర్థమైంది.

జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో తిరుమలగిరి దాటాక ఫణిగిరి వస్తుంది. పడగ విప్పిన పాములా కనిపించే కొండ. కింద బిక్కేరు వాగు. అది వెళ్లి కలిసేది మన మూసీలోనే. నిజాం కాలంలో, 1940ల మొదట్లో, పురావస్తు శాఖ తరఫున ఖాజా మహమ్మద్ అహ్మద్ ఇక్కడ మొదటిసారి తవ్వించారు. ఆ తర్వాత పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగింది 2001 నుంచే. మహాస్తూపం, చైత్యాలు, విహారాల గదులు, స్తంభాల మండపం బయటపడ్డాయి.

పైకి చేరాక మొదట కనిపించేది ఇటుకే. డిగ్రీ అమ్మాయి ఒకతి తన లాంగ్ నోట్‌బుక్కును ఒక ఇటుక పక్కన పట్టి చూసింది. ఇటుకే పొడవుగా ఉంది. భిక్షువుల గదులు వరసగా ఉన్నాయి. ఒక్కో గదిలో ఒక మనిషి పడుకోవడానికి, కూర్చోవడానికి మాత్రమే చోటు. దుకాణం ఆయన భార్య ఒక గది గడప దగ్గర కూర్చుండిపోయింది. ‘‘ఏముంది సార్ ఇక్కడ, అన్నీ గోడలే కదా’’ అని ఒక కుర్రాడు అడిగాడు. సారు ఫోన్లో ఫణిగిరి తోరణం ఫొటో తీసి చూపించారు. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లే ఘట్టం చెక్కిన తోరణం. ఈ కొండ మీదే దొరికింది. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రపంచమంతా దాన్ని చూసింది. అందరూ ఒక్కసారి ఫోన్ చుట్టూ మూగారు.

నర్సులకు నచ్చింది మరో కథ. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని పద్దెనిమిదో పాలనా సంవత్సరంలో ఇక్కడ ధర్మచక్ర స్తంభం నిలబెట్టించింది ఆయన ప్రధాన వైద్యుడే. శాసనం ఆ సంగతి చెబుతోంది. ఉస్మానియా ఆస్పత్రి పక్కన పుట్టి పెరిగిన ఆ ఇద్దరూ ‘‘మా డిపార్ట్‌మెంట్ ఆయనే’’ అని మురిసిపోయారు. 2024లో ఇక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం. ఈ కొండ కింద ఇంకా ఎంత ఉందో!

నాకు బాధ కలిగించిందొక్కటే. శిల్పాలు భద్రత కోసం కొండ దిగాయి, అది సబబే. కానీ అవి ఏ చోట నిలిచాయో అక్కడ ఒక మంచి ఫొటో, నాలుగు తెలుగు వాక్యాలు పెట్టడానికి కోట్లు అక్కర్లేదు. అవి లేనిదే కొండ ఎక్కినవాళ్లు ‘గోడలే’ అనుకుని దిగిపోతారు. తెలిసినవాళ్లు వెంట ఉన్న బృందాలకే ఈ కొండ అర్థమవడం న్యాయం కాదు. పురావస్తు శాఖ ఈ పని చేయాలి. తాగునీరు, నీడ కూడా చూడాలి. ముఖ్యంగా ఆడవాళ్ల కోసం మరుగుదొడ్లు ఉండాలి.

తిరుగు బస్సులో అందరి మాటా నాగార్జునకొండ మీదకు మళ్లింది. సాగర్ నీళ్లలో మునిగే లోయలోని కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీద మళ్లీ నిలబెట్టిన చోటు. లాంచీ ప్రయాణం కాబట్టి అది మరో ఆదివారం పని.

మీరూ వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మంచినీళ్లు, టోపీ, అన్నం డబ్బా వెంట తీసుకెళ్లండి. ఇటుకల మీద ఎక్కకండి, పేర్లు చెక్కకండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ముందురోజు శనివారం పెట్టుకోండి. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి.