‘విచారణ’ అంటే ఏది? భవన నిబంధనల ఉల్లంఘన ప్రక్రియలో కొన్ని పారిభాషిక పదాలు – అమరావతి నేపథ్యం

ఉపోద్ఘాతం

2019లో గుంటూరు జిల్లా ఉండవల్లి వద్ద, కృష్ణా కరకట్ట వెంబడి ఉన్న కొన్ని నిర్మాణాల యజమానులకు రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ నోటీసులు జారీ చేసింది. అటువంటి నోటీసుల సందర్భంలో వినిపించే తెలుగు పదాలు చట్టం ఉద్దేశించిన అర్థాన్ని ఎంతవరకు తెలియజేస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అనధికార నిర్మాణం

అనుమతి లేకుండా, లేదా మంజూరైన ప్లానును అతిక్రమించి కట్టినది. దీనికి పర్యాయంగా వాడే ‘అక్రమ కట్టడం’ తీర్పు చెప్పే మాట. నోటీసు దశలో ఉన్నది ఆరోపణే కనుక మొదటి పదమే సముచితం.

సంజాయిషీ నోటీసు

ప్రతిపాదిత చర్య ఎందుకు తీసుకోరాదో కారణం చూపమని కోరేది. వాడుకలో ‘సంజాయిషీ’ తప్పు చేసినవారు ఇచ్చుకొనేది. చట్టం ఇక్కడ కోరుతున్నది క్షమాపణ కాదు, సమాధానం.

విచారణ

అధికారి వాస్తవాలు సేకరించడమూ, బాధితుని వాదన వినడమూ తెలుగులో ‘విచారణ’గానే చెలామణి అవుతున్నాయి. మొదటిది అధికారి అధికారం, రెండవది పౌరుని హక్కు. ఇంగ్లండులో కూపర్ అనే వ్యక్తి ముందస్తు సమాచారం ఇవ్వకుండా ఇల్లు కట్టాడని స్థానిక బోర్డు దానిని కూల్చివేసింది. చట్టంలో ప్రస్తావన లేకున్నా, అతని వాదన వినవలసిందేనని 1863లో న్యాయస్థానం నిర్ణయించింది. ఈ అర్థానికి ‘వాదన వినే అవకాశం’ అన్న పదబంధం స్పష్టమైనది.

తాత్కాలిక ఉత్తర్వు, ధ్రువీకరణ

1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం 228వ సెక్షన్ ప్రకారం కమిషనర్ మొదట తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, దాని ప్రతితోపాటు కారణం చూపమనే నోటీసు పంపుతారు. సంతృప్తికరమైన కారణం చూపనప్పుడే ఉత్తర్వును ధ్రువీకరించవచ్చు. ఈ రెండింటి నడుమ వ్యవధిలోనే యజమాని హక్కు నిలిచి ఉంటుంది.

కారణసహిత ఉత్తర్వు

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలపై మార్గదర్శకాలు ఇచ్చింది. సమాధానానికి కనీసం 15 రోజుల గడువు, వ్యక్తిగతంగా వాదన వినిపించే అవకాశం ఉండాలి. ఉల్లంఘన క్రమబద్ధీకరణకు వీలైనదా, కొంతభాగం తొలగిస్తే సరిపోతుందా, కూల్చివేతే ఏకైక మార్గం ఎందుకైందన్నది తుది ఉత్తర్వు వివరించాలి.

ముగింపు

రోడ్లు, నదులు, జలవనరుల వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార నిర్మాణాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవు. కృష్ణా తీరాన వెలసిన అమరావతిలో ఈ మినహాయింపు కీలకం. ఒక స్థలం నదికి చెందినదా, పట్టా భూమా అన్నదే వివాదమైనప్పుడు, ఆ ప్రశ్నపైనైనా యజమాని మాట వినాలి. అటువంటి చోట ‘విచారణ జరిగింది’ అన్న వాక్యం చాలదు. ఎవరు ఎవరిని విన్నారో అందులో తెలియాలి.