పొగను బట్టి రోగ నిర్ణయం

కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని మనం గ్రహిస్తాం. వంటింట్లో నిప్పును, పొగను కలిపి చూచిన అనుభవమే ఆ గ్రహింపుకు ఆధారం. తర్కశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి తరచుగా చెప్పే ఉదాహరణ ఇదే. అయితే దూరాన ఉన్న ఆవిరిని చూచి పొగ అని భ్రమించినవాడు లేని నిప్పును ఉన్నదనుకొంటాడని తార్కికులు హెచ్చరించారు. పాతకారు ఇంజను పొగను పరీక్షించే మెకానిక్కుకు కూడా ఆ హెచ్చరిక శిరోధార్యం.

కొన్ని దశాబ్దాలపాటు మన రోడ్ల మీద టాక్సీగా, అధికారుల వాహనంగా తిరిగిన అంబాసిడర్ కారునే ఉదాహరణగా తీసుకొందాం. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీనిని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసింది. 1950ల చివరి సంవత్సరాలలో ప్రారంభమైన ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ కార్లను అపురూపంగా కాపాడుకొంటున్నవారు నేటికీ ఉన్నారు.

అటువంటి కారు ఒకటి రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం వెళ్తూ మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నదనుకొందాం. పాతబడిన రబ్బరు గొట్టం పగిలి, ఇంజనును చల్లబరచే నీరు కారిపోయింది. బానెట్ సందులలో నుంచి తెల్లగా పొగ లేచింది. యజమాని వెంటనే కారు ఆపి, ఇంజను చల్లారిన తరువాత గొట్టం మార్పించి, కొత్త కూలెంట్ పోయించాడు. మరునాడు కారు స్టార్టు చేయగానే మళ్లీ పొగ వచ్చింది. చూచినవారు “ఇంజను పాడైంది, దింపవలసిందే” అన్నారు. ఆ తీర్పు సరైనదేనా? దానిని తేల్చుకోవాలంటే ముందు ఇంజను ఎలా చల్లబడుతుందో తెలియాలి.

చాలాకాలం అంబాసిడర్‌లో అమర్చిన పెట్రోలు ఇంజను సామర్థ్యం 1489 సీసీ. అందులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. సిలిండరులో ఇంధనం మండేటప్పుడు ఉష్ణోగ్రత రెండువేల డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ వేడిలో సుమారు మూడోవంతును చుట్టూ ప్రవహించే నీరు గ్రహించి, రేడియేటరుకు చేరవేసి, గాలికి అప్పగిస్తుంది. ఈ నీటిలో ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని కలిపితే దానిని కూలెంట్ అంటారు. రేడియేటరు మూత ప్రెషర్ కుక్కర్ మూతవలె లోపలి పీడనాన్ని పెంచి, నీరు నూరు డిగ్రీల వద్ద మరగకుండా చూస్తుంది.

సిలిండర్లు ఉన్న దిమ్మెకు, దానిపై బిగించిన హెడ్‌కు నడుమ ఒక పలుచని పొర ఉంటుంది. దానిని హెడ్ గాస్కెట్ అంటారు. ఒకవైపు మంట, ఒకవైపు నీరు, మరొకవైపు ఆయిలు, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకుండా కాపాడేది అదే. నీరు కారిపోయిన తరువాత కూడా కారును నడిపితే హెడ్ వంకర పోవచ్చు, గాస్కెట్ కాలిపోవచ్చు. అప్పుడు నీరు సిలిండరులోకి చొరబడి ఆవిరిగా బయటకు వస్తుంది. కూలెంట్ కారిన తరువాత పొగ కనిపిస్తే జనం భయపడడానికి కారణం ఇదే. భయానికి ఆధారం ఉన్నది గాని, అది ఒక్కటే నిర్ణయానికి చాలదు. వైద్యుడు రోగిని ప్రశ్నించినట్లు మనం కారును నాలుగు ప్రశ్నలు అడగాలి.

మొదటిది: పొగ ఎక్కడినుంచి వస్తున్నది? బానెట్ కింద నుంచి వచ్చే పొగకు, సైలెన్సరు నుంచి వచ్చే పొగకు చాలా భేదం ఉన్నది. గొట్టం పగిలినప్పుడు చిమ్మిన కూలెంట్ ఇంజను పైన, పొగగొట్టం పైన పడి ఆరిపోతుంది. ఇంజను మళ్లీ వేడెక్కగానే ఆ మరకలు కాలి తెల్లగా పొగ లేస్తుంది. కొన్నిసార్లు కారు నడిపితే అది దానంతట అదే తగ్గిపోతుంది. ఇంజను పైమూత అంచునుంచి ఆయిలు కారి, కాలుతున్న గొట్టంమీద పడినా పొగ వస్తుంది. అప్పుడు ఇంజను దింపనవసరం లేదు, మూత కింది గాస్కెట్ మారిస్తే చాలు.

రెండవది: రంగు ఏమిటి? సైలెన్సరు నుంచి నల్లని పొగ వస్తే పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా అందుతున్నదని అర్థం. అది కార్బురేటరు లేదా ఎయిర్ ఫిల్టరు దోషం, నీటితో దానికి సంబంధం లేదు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదన్నమాట. అతివేడివల్ల పిస్టన్ రింగులు బిగువు కోల్పోయినా, సిలిండరు గోడలు గీరుకుపోయినా ఆ పొగ వస్తుంది. విడువకుండా వచ్చే తెల్లపొగ నీటికి సూచన. నిజానికి అది పొగ కాదు, ఆవిరి.

మూడవది: వాసన ఏమిటి? కూలెంట్ కాలితే తియ్యని వాసన వస్తుంది. ఆయిలు కాలితే మాడు వాసన వస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్ రుచి కూడా తియ్యనే, కాని అది విషం. అందుచేత నేలమీద ఒలికిన కూలెంట్‌ను పిల్లలు, పశువులు తాకకుండా వెంటనే కడిగివేయాలి.

నాలుగవది: ఎంతసేపు వస్తున్నది? ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. చలికాలపు ఉదయాన ఆ నీటి ఆవిరి చల్లని సైలెన్సరులో గడ్డకట్టిన మంచువలె తెల్లగా కనిపిస్తుంది. ఇంజను వేడెక్కిన కొద్ది నిమిషాలకు మాయమైతే అది సహజం. వేడెక్కిన తరువాత కూడా దట్టంగా వస్తూనే ఉంటే అనుమానించాలి.

అనుమానం కలిగిన తరువాత పరీక్షతో దానిని రుజువు చేసుకోవాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు మీగడ కలిపిన కాఫీ రంగులో ఉన్నదంటే అందులో నీరు కలిసి ఉండవచ్చు. స్పార్కు ప్లగ్గులన్నింటిలో ఒకటి మాత్రం కడిగినట్లు శుభ్రంగా ఉంటే ఆ సిలిండరులోకి నీరు చేరుతున్నదని ఊహించవచ్చు. రేడియేటరులో బుడగలు ఎడతెగక వస్తుంటే మంటవాయువులు నీటిలోకి చొరబడుతున్నాయేమో చూడాలి. కొత్తగా నీరు నింపినప్పుడు లోపల చిక్కిన గాలి వల్ల కొంతసేపు బుడగలు రావడం మాత్రం మామూలే. కంప్రెషన్ పరీక్షలో పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు బలహీనంగా కనిపిస్తే వాటి నడుమ గాస్కెట్ కాలినట్లు భావిస్తారు. ఏ ఒక్క గుర్తునూ తుది సాక్ష్యంగా తీసుకోరాదు. రెండు, మూడు గుర్తులు ఒకేమాట చెప్పినప్పుడే ఇంజనుపై చెయ్యి వేయాలి.

పరీక్షకు ముందు ప్రాణరక్షణ ముఖ్యం. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎన్నడూ విప్పరాదు. పీడనం తగ్గగానే మరిగే నీరు పైకెగిసి ముఖాన్ని, చేతులను కాలుస్తుంది. కాలుతున్న ఇంజనులో చన్నీరు పోస్తే లోహం పగలవచ్చు. నీరు పూర్తిగా కారిపోయినప్పుడు ఉష్ణోగ్రత ముల్లు నీటిని తాకక తక్కువ చూపవచ్చు, ముల్లు దిగిందని ధైర్యపడరాదు. సిలిండరులో నీరు నిండిందని సందేహం ఉంటే బలవంతంగా స్టార్టు చేయరాదు. నీరు సంకోచించదు కనుక లోపలి కడ్డీ వంగిపోతుంది.

మన అంబాసిడర్ విషయానికి మళ్లీ వద్దాం. పొగ బానెట్ కింద నుంచే వస్తున్నది. వాసన తియ్యగా ఉన్నది. సైలెన్సరు శుభ్రంగా ఉన్నది. ఆయిలు రంగు మారలేదు. మూడురోజులు నడిపినా రేడియేటరులో నీరు తగ్గలేదు, పొగ క్రమంగా ఆగిపోయింది. ఒలికిన కూలెంట్ కాలడమే దానికి కారణం, ఇంజను దింపవలసిన పనిలేదు. బయట ఎక్కడా కారకుండానే రోజురోజుకూ నీరు తగ్గిపోతూ, సైలెన్సరు తెల్లని ఆవిరి చిమ్ముతూ ఉంటే తీర్పు తారుమారయ్యేది. అప్పుడు ఒక్క కిలోమీటరు కూడా నడపకుండా హెడ్ విప్పించడమే వివేకం.

కనిపించిన ప్రతి పొగకూ బెదిరిపోతే ధనం వృథా అవుతుంది. ఏ పొగనూ లెక్కచేయకపోతే యంత్రమే నాశనమవుతుంది. చూచి, వాసన పట్టి, వేచి ఉండి, పరీక్షించి నిర్ణయించేవాడే మంచి మెకానిక్కు. యంత్రానికే కాదు, ఏ సమస్యకైనా ఈ క్రమమే మేలైన దారి.

కఠిన పదాలు – అర్థాలు
శిరోధార్యం : తలదాల్చదగినది, తప్పక పాటించవలసినది
అనుమాన ప్రమాణం : గుర్తును బట్టి కనిపించని విషయాన్ని నిర్ణయించే పద్ధతి
భేదం : తేడా
వివేకం : మంచిచెడులు తెలిసి నడచుకొనే తెలివి

ప్రశ్నలు
1. హెడ్ గాస్కెట్ చేసే పనిని వివరించండి.
2. సైలెన్సరు పొగ రంగులను బట్టి ఏయే దోషాలను గుర్తించవచ్చు?
3. ఒకే గుర్తును చూచి తీర్పు చెప్పడం ఎందుకు తగదు? పాఠం ఆధారంగా చర్చించండి.