ఆసుపత్రి మిద్దె మీది ఎండ

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు వైపు మే నెల ఎండ పొద్దుగూకడంతో పోదు. పగలంతా మిద్దె శ్లాబు తాగిన వేడి రాత్రంతా వార్డులోకి దిగుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే రోగి మీదికి తోస్తుంది. అప్పుడు ఏసీ కావాలంటాం. ఆ ఏసీకి కరెంటు కావాలి. ఇదే జిల్లా తూర్పు అంచున, కృష్ణపట్నం దగ్గర, థర్మల్ కేంద్రం బొగ్గు కాల్చేది ఆ కరెంటు కోసమే. దేశ సగటున ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఆసుపత్రి ఉద్గారాలు తగ్గాలంటే సోలార్ పలకల కంటే ముందు చూడవలసింది ఆ మిద్దెనే.

మాసిన సిమెంటు శ్లాబు తన మీద పడిన ఎండలో చాలా భాగాన్ని లోపలికి లాగేసుకుంటుంది. కొత్తగా వేసిన తెల్ల సున్నం అందులో సగానికి పైగా వెనక్కి కొట్టేస్తుంది. ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు, మిద్దె ఇళ్లవాళ్లకు తెలిసిన సంగతే. దుమ్ము పడితే తెలుపు తగ్గుతుంది కనుక ఏటా వేయాలి, అంతే. తరవాత ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు అంతే గాలికి 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 16 గంటలు తిరిగే 30 ఫ్యాన్లు మార్చిన ఆసుపత్రికి ఏడాదిలో దాదాపు 7,900 యూనిట్లు మిగులుతాయి. అంటే ఐదున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఏ యంత్రాన్నీ ఆపకుండా, ఏ రోగికీ ఉక్కపోయకుండా!

పల్లె ఆసుపత్రి వదిలే పొగ ఎంతని, దాని మీద పడతారేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రపంచ ఉద్గారాల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లో హెల్త్‌కేర్ వితౌట్ హార్మ్ సంస్థ లెక్కగట్టింది. అందులో అధిక భాగం సంపన్న దేశాలదే. దేశపు ఇంధన పొదుపు భవన నియమావళి కూడా ప్రధానంగా 100 కిలోవాట్లు, అంతకు మించిన లోడున్న భవనాల కోసం రాసినదే. అయినా ఇక్కడ పొదుపంటే త్యాగం కాదు, కరెంటు పోయినప్పటి ధీమా. ఆ ధీమా విలువెంతో చూడండి: ఛత్తీస్‌గఢ్‌లో సోలార్ ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, సోలార్ లేక కరెంటు కొరతతో నడిచే కేంద్రాలకంటే నెలకు దాదాపు రెట్టింపు కాన్పులు జరిగాయని 2017లో సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ అధ్యయనం చూపింది. మరి ముందే సోలార్ పెట్టవచ్చు కదా? పెట్టవచ్చు. కానీ రాత్రి కాన్పుకు వెలుగిచ్చేది పలక కాదు, బ్యాటరీ. ఖరీదైనదీ, త్వరగా అరిగేదీ అదే. లోడు తగ్గించుకుని కొంటే చిన్న బ్యాటరీతోనే పని జరుగుతుంది.

పొదుపు పేరుతో ఆపరేషన్ థియేటర్ ఏసీ కట్టేస్తారేమోనన్న భయం కొందరిది. దాని జోలికి ఎవరూ పోకూడదు. టీకాలుంచే ఐఎల్‌ఆర్ ఫ్రిజ్‌కూ 2 నుంచి 8 డిగ్రీల చలి తప్పదు. సాధారణ వార్డు సంగతి వేరు. తెరిచిన కిటికీల గుండా ధారాళంగా వీచే గాలి క్షయ లాంటి అంటురోగాలను అదుపు చేసే మార్గాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలే చెప్పాయి. పడమటి కిటికీకి ఎండ తగలకుండా ఒక చూరు, పెరట్లో నాలుగు వేపచెట్లు ఉంటే ఆ గాలి కొంత చల్లబడి వస్తుంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సభ్యులకు ఒక్క మనవి: ఫిబ్రవరి సమావేశంలో మిద్దె సున్నానికి డబ్బు మంజూరు చేయండి, మార్చిలోగా పూత పడాలి.