క్వేజార్ కాంతి దారిలో హైడ్రోజన్ అడవి

అరిజోనాలోని కిట్ పీక్ శిఖరం మీద పనిచేస్తున్న 'డెసి' పరికరం ద్వారా 8 లక్షలకు పైగా క్వేజార్ల వర్ణపటాలను కూడా వాడి విశ్వవిస్తరణను కొలిచినట్టు 2025 మార్చిలో శాస్త్రజ్ఞులు ప్రకటించినప్పుడు, చర్చ ఎక్కువగా ఆ విస్తరణను వేగిరపరిచే కృష్ణశక్తి చుట్టూనే తిరిగింది. ఆ కొలతకు ఆధారమైన వాయువును, అంటే గెలాక్సీల నడుమ పలచగా పరుచుకున్న హైడ్రోజన్‌ను, కొలబద్దగా మాత్రమే చూడడం అన్యాయం.

క్వేజార్ అంటే గెలాక్సీ నడిమధ్య మహా కృష్ణబిలంలోకి సుడి తిరుగుతూ పడే పదార్థం వేడెక్కి వెలిగే వెలుగు. తటస్థ హైడ్రోజన్, అంటే ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకోని పరమాణువు, 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని మింగుతుంది. దీనికి లైమన్ ఆల్ఫా రేఖ అని పేరు. విశ్వంతోపాటు కాంతి తరంగాలూ సాగుతాయి కనుక, అంతకన్న పొట్టి తరంగంగా బయలుదేరిన కిరణం దారిలో ఎక్కడో సరిగ్గా ఆ పొడవుకు చేరుతుంది, అక్కడ తటస్థ హైడ్రోజన్ ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఆ లోటు మిగిలిన కాంతితో కలిసి ఇంకా మూడున్నర రెట్లు సాగితే, భూమి మీది దూరదర్శినికి 425.6 నానోమీటర్ల వద్ద, ఊదా రంగు నడుమ, సన్నని నల్లగీతగా చిక్కుతుంది. ఒక్కొక్క గీత ఒక్కొక్క దూరానిది, కాబట్టి ఒక్కొక్క కాలానిది. 1971లో రోజర్ లిండ్స్ గమనించిన ఈ గీతల గుంపునే తరువాత లైమన్ ఆల్ఫా అడవి అన్నారు.

ఈ అడవి దట్టంగా ఉండడమా, పలచబడడమా అన్నది రెండు ప్రక్రియల పోటీ తేలుస్తుంది: అతినీలలోహిత కాంతి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతూ ఉంటే, విడిపోయిన ఎలక్ట్రాన్, ప్రోటాన్ ఎదురుపడి మళ్ళీ జతకడుతూ ఉంటాయి. జతకట్టడానికి ఇద్దరు కలవాలి గనుక, సాంద్రత సగమైతే కలయికలు నాలుగో వంతుకు పడిపోతాయి; విశ్వం రెండింతలు సాగితే సాంద్రత ఎనిమిదో వంతు, కలయికలు అరవై నాలుగో వంతు. ఒకప్పటి దట్టమైన అడవి కాలక్రమంలో వేగంగా పలచబడడానికి ప్రధాన కారణం ఇదే. మరీ వెనక్కి వెళితే అడవి కాదు, చీకటే: 2001లో బెకర్ బృందం పరిశీలించిన ఒక క్వేజార్ వర్ణపటంలో, విశ్వానికి వంద కోట్ల ఏళ్ళయినా నిండని కాలానికి చెందిన భాగంలో, కాంతి దాదాపు శూన్యం. 1965లో శాస్త్రజ్ఞులు గన్, పీటర్సన్ ఊహించిన లోయ, అంటే వర్ణపటంలో కాంతి లేని ఆ భాగం, అదే. అయితే పదివేలలో ఒక్క పరమాణువు తటస్థంగా ఉన్నా ఆ చీకటికి చాలు కనుక, దాన్నిబట్టి అప్పటి వాయువంతా తటస్థమే అనుకోవడం పొరపాటు.

మన చుట్టుపక్కల విశ్వానికి వచ్చేసరికి మాత్రం అంచనా తప్పింది. దగ్గరి అడవి గీతలు అతినీలలోహితంలోనే ఉండిపోతాయి, వాటిని భూమి వాతావరణం అడ్డుకుంటుంది, కాబట్టి 1990లో హబుల్ దూరదర్శిని అంతరిక్షానికి వెళ్ళేదాకా, దూరపు లెక్కను ఇటువైపు పొడిగించి ఇక్కడ గీతలు పెద్దగా మిగలవనే భావించారు. 1991లో 3సి 273 క్వేజార్ దిశలో హబుల్ చూస్తే, లెక్క చెప్పినదాని కన్న ఎక్కువ గీతలు కనబడ్డాయి. క్వేజార్లు తగ్గిపోయి, ఎలక్ట్రాన్లను ఊడగొట్టే కాంతి కూడా సన్నగిల్లినందున, కలయికలు అరుదైనా ఉన్న జతలు చెదరకుండా నిలిచాయి.