ఉస్తాదు మాట

హైదరాబాదునుండి షోలాపూరు వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి పటాన్‌చెరు దాటి సంగారెడ్డిని సమీపించేసరికి, రెండు ప్రక్కలా కర్మాగారాలతోపాటు రేకుల షెడ్లు కనబడతాయి. నూనె ఇంకి నల్లబడిన నేల, ఒరగబెట్టిన టైర్లు, లారీ క్రింద తల దూర్చిన మనిషి. ఈ సీమలో అతనిని ‘ఉస్తాద్’ అని పిలవడం కద్దు. గురువు అని అర్థమిచ్చే ఆ ఉర్దూ మాటలోనే సగం నమ్మకం ఇమిడి ఉన్నది.

తక్కిన సగంతోనే చిక్కు. లారీ పొగ నీలిరంగుకు తిరిగిందనుకోండి. ఇంజన్ ఆయిలు మండుతున్నదన్నమాట. పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. అప్పుడు ఇంజను విప్పక తప్పదు. కేవలం వాల్వు సీళ్లు చెడి ఉండవచ్చు; అది దానితో పోల్చితే చిన్న ఖర్చు. నిలిపిన బండిని స్టార్టు చేసినప్పుడు మాత్రమే నీలిపొగ వచ్చి పోతే సీళ్లను, బరువు లాగేటప్పుడు విడవకుండా వస్తే రింగులను ముందుగా అనుమానిస్తారు. కంప్రెషన్ పరీక్షిస్తే సందేహం చాలవరకు తీరుతుంది. ఇదంతా ఉస్తాదుకు తెలుసు. వాయిదాలమీద లారీ కొని, బండి ఆగిన ప్రతి దినమూ కిరాయి పోగొట్టుకొనే డ్రైవరుకు తెలియకపోవచ్చు. “ఇంజను దించాలి” అనే ఒక్క మాటతో అతని నెలల సంపాదన చేయి మారుతుంది. పని అయిన తరువాత కూడ ఏ రోగానికి ఏ మందు పడిందో అతడు ఎరుగడు. బండి నడిచింది, అంతే.

అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జి ఆకెర్లాఫ్ 1970లో ఈ చిక్కునే పాతకార్ల బేరంలో చూపించాడు. లోపం అమ్మేవానికి తెలిసి కొనేవానికి తెలియనప్పుడు మంచి సరుకుకు తగిన ధర రాదు. క్రమంగా అది అంగడినే విడిచిపోతుంది. 2001లో నోబెల్ బహుమానం పొందినవారిలో ఆయన ఒకడు. ఆ దేశంలో లోపమున్న కారును ‘నిమ్మకాయ’ అంటారు. మనవారు దిష్టి తగలకుండా కొత్త బండి చక్రాలచేత నిమ్మకాయలు తొక్కిస్తారు! షెడ్లకూ ఈ న్యాయమే వర్తిస్తుంది. అందరూ మోసగాళ్లేనని తీర్మానించుకొని వాహనదారుడు చౌకగా చేసేవాణ్ణే వెదికితే, ముందు దెబ్బతినేది నిజాయితీపరుడైన ఉస్తాదే.

ఈ చింత కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘కంటకశోధనం’ అనే నాల్గవ అధికరణం చేతిపనివారినుండి ప్రజలను కాపాడే విధానంతోనే మొదలవుతుంది. పనివారిని కంటకాలలో మొదట నిలపడం కొంచెం కఠినమే. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఇంతకన్న సమబుద్ధి చూపింది. అప్పగించిన వస్తువును సామాన్య వివేకం గలవాడు తన సొంత వస్తువును చూసుకొన్నట్లు చూడాలన్నది 151వ సెక్షను. శ్రమా నేర్పూ వినియోగించి పని చేసినవాడు, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలం ముట్టేదాకా దానిని తనవద్ద ఉంచుకోవచ్చునన్నది 170వ సెక్షను. “డబ్బు రేపిస్తాను, తాళం ఇటివ్వు” అనేవారూ ఉంటారు గదా!

సేవలో లోపం జరిగితే సంగారెడ్డిలోని వినియోగదారుల కమిషనుకు పోవచ్చు. కాని విప్పి బిగించిన ఇంజను సాక్ష్యం చెప్పదు. అందుకే తెలిసిన డ్రైవర్లు రసీదుతోపాటు పాత సామానునూ అడుగుతారు. మంచి ఉస్తాదు అడగకముందే అరిగిన రింగునో, గట్టిపడి పగిలిన సీలునో పాత పత్రికమీద పరచి, చెడినచోటు వేలితో చూపి, పొట్లం కట్టి డ్రైవరు చేతికిస్తాడు.